శంషాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం?

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు విమానాల వాడివి కదా, ఆ విషయం మీదే ఓ అరగంట మాట్లాడు" అన్నారు. విమానాల వాడు అనగానే పైలట్ అనుకుంటారు. నేను పైలట్‌ని కాను. ముప్పై ఏళ్ళు ఫ్లైట్ డిస్పాచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. విమానం ఏ దారిన వెళ్ళాలి, ఎంత ఇంధనం పోసుకోవాలి, దారిలో గాలి ఎటు వీస్తుంది, ఇంజన్ మొరాయిస్తే ఎక్కడ దిగాలి, ఇవన్నీ నేల మీద ఒక గదిలో కూర్చుని లెక్కకట్టి కాగితం తయారు చేసేవాణ్ణి డిస్పాచర్ అంటారు. ఆ కాగితం మీద కెప్టెన్‌తో పాటు మేమూ సంతకం పెడతాం. పెళ్ళిలో వంటవాడి లాంటి ఉద్యోగం. అందరూ తిని వెళ్తారు, మొహం ఎవరికీ తెలియదు.

రిటైరయ్యాక కూడా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. మన వాళ్ళెవరు ఫోన్ చేసినా అదే అడుగుతారు. "ఒరే, అక్కణ్ణించి ఇక్కడికి రావాలంటే ఎంత సేపు పడుతుందిరా?" అక్కడ అంటే మన పిల్లలున్న చోటు. ఈ హాల్లో చేతులెత్తమంటే సగం మందికి పైగా ఎత్తుతారు, అందుకే ఎత్తమనను. ఆ ప్రశ్నకి ఈ రోజు తీరిగ్గా జవాబు చెబుతాను. ఉదాహరణకి శంషాబాద్, శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకుంటున్నాను. డాలస్ వాళ్ళు, న్యూజెర్సీ వాళ్ళు కోపగించుకోకండి, లెక్క పద్ధతి ఒకటే.

ముందు దూరం. రెండు విమానాశ్రయాల మధ్య భూమి ఉపరితలం మీద అతి దగ్గర దారి సుమారు 13,500 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత భూమధ్యరేఖ దగ్గర 40,075 కిలోమీటర్లు. అంటే ఈ భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దూరం ఇరవై వేల కిలోమీటర్లు దాటదు, అంతకంటే దూరంగా వెళ్దామన్నా వీలుపడదు. మన కాళ్ళ కింద నుంచి సూటిగా భూమిని తవ్వుకుంటూ పోతే పెరూ దేశానికి పడమరగా పసిఫిక్ సముద్రంలో తేలతాం. అక్కడ మనవాళ్ళెవరూ ఉద్యోగాలు చేయడం లేదు, ఇంకా నయం.

ఇప్పుడు దారి. మన సోషల్ క్లాసులో గోడకి వేలాడదీసే ప్రపంచ పటం గుర్తుంది కదా. ఆ పటంలో చూస్తే అమెరికా వెళ్ళాలంటే తూర్పుకి పసిఫిక్ దాటి అయినా వెళ్ళాలి, పడమరకి అట్లాంటిక్ దాటి అయినా వెళ్ళాలి. గుండ్రటి భూమిని చదునుగా పరిచిన పటం అది, పైనా కిందా ఉన్న దేశాలన్నీ అందులో సాగిపోయి కనిపిస్తాయి. అసలు దారి తెలియాలంటే గ్లోబు కావాలి. హెడ్మాస్టారి గదిలో బీరువా మీద ఉండే గ్లోబుని మా సోషల్ మేష్టారు ఏడాదికొకసారి కిందకి దింపేవారు. ఒక దారప్పోగు తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగి చూడండి. ఇంట్లో మనవళ్ళ గ్లోబు ఉంటే ఈ రాత్రే చూడండి. దారం తూర్పుకీ పోదు, పడమరకీ పోదు, దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. ఉత్తరానికి 19 డిగ్రీలు మాత్రమే తూర్పుగా వాలుతుంది. నేపాల్, టిబెట్, మంగోలియా పడమటి కొస, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రంలో 71 డిగ్రీల అక్షాంశం దాటి, అలాస్కా మీదుగా దిగి వస్తుంది. కాలిఫోర్నియా వెళ్ళడానికి మంచుసముద్రం మీద నుంచి వెళ్ళడం అతి దగ్గర దారి.

దుబాయ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం లాగితే ఇంకా తమాషా. ఆ రెండు ఊళ్ళు భూగోళానికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. దారం తిన్నగా వెళ్ళి గ్లోబు పైన ఉండే ఇనప చీలకి తగులుతుంది. ఆ చీలే ఉత్తర ధ్రువం. అరబ్బుల ఎడారిలో విమానం ఎక్కిన మన అమ్మలూ అత్తయ్యలూ చలికి శాలువా కప్పుకుని, అమండ్‌సెన్, పియరీ లాంటి వాళ్ళు ప్రాణాలకి తెగించి వెతికిన చోటుకి దగ్గర్లోంచి, పెరుగన్నం తింటూ దాటిపోతున్నారు.

13,500 కిలోమీటర్లని విమానం వేగంతో భాగించండి. పెద్ద విమానాలు ఎత్తులోకి వెళ్ళాక గంటకి సుమారు 900 కిలోమీటర్లు పోతాయి. జవాబు 15 గంటలు. ఏడో తరగతి లెక్క. ఇదే సరైన జవాబైతే నాకు ముప్పై ఏళ్ళు జీతం ఎవరిస్తారు?

మొదటి చిక్కు, దారం పోయిన దారిన విమానం పోలేదు. టిబెట్ సంగతి చూడండి. విమానంలో గాలి పీడనం పడిపోతే పైన నుంచి మాస్కులు జారిపడతాయని ప్రతిసారీ చెబుతారు, మనం వినం. ఆ మాస్కుల్లో ప్రాణవాయువు చాలా విమానాల్లో పావుగంట, ఇరవై నిమిషాల లోపే వస్తుంది. ఆ లోపల పైలట్ విమానాన్ని మామూలుగా ఊపిరి పీల్చుకోగలిగే పది వేల అడుగులకి దింపాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే పద్నాలుగు వేల అడుగుల పైచిలుకు. దిగడానికి కింద చోటు లేదు. అందుకే విమానాలు వీలైనంతవరకు టిబెట్‌ని తప్పించుకుని పోతాయి.

రెండోది ఇంజన్ల సంగతి. ఇప్పుడు దూరప్రయాణాలు చేసే విమానాలు ఎక్కువగా రెండింజన్లవే. ఒకటి ఆగిపోతే మిగిలిన దానితో ఎంత సేపట్లో ఏదో ఒక విమానాశ్రయం చేరగలం అన్నదాన్ని బట్టి దారి ఒప్పుకుంటారు. ఒకప్పుడు అది 60 నిమిషాలు. 1985లో 120 చేశారు, తర్వాత 180, ఇప్పుడు బోయింగ్ 777కి 330 నిమిషాల దాకా అనుమతి ఉంది. ఈ అంకె పెరగబట్టే సముద్రాల మీద, ధ్రువాల మీద దారులు తెరుచుకున్నాయి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా 777కి ఇంజన్‌లో ఇబ్బంది వస్తే రష్యాలో మగదాన్ అనే ఊళ్ళో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. వాళ్ళని తీసుకెళ్ళడానికి ఇక్కణ్ణించి మరో విమానం వెళ్ళవలసి వచ్చింది. టీవీలో ఆ వార్త చూసి అందరూ "మగదాన్ ఎక్కడుంది" అని వెతుక్కున్నారు. నాలాంటి వాళ్ళకి ఆ పేరు మన రేపల్లె, పొన్నూరు లాగా నోటికొచ్చు. జీవితంలో ఎప్పుడూ చూడని, చూడాలని కోరుకోని ఊళ్ళ పేర్లు ఇలా ఓ వంద దాకా నాకు కంఠతా వచ్చు.

చలి సంగతి కూడా చెప్పాలి. విమానాల్లో వాడే జెట్ ఏ రకం ఇంధనం మైనస్ 40 డిగ్రీల దగ్గర, జెట్ ఏ1 రకం మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ధ్రువం దగ్గర పైన గాలి అంతకంటే చల్లగా ఉంటుంది. రెక్కల్లో ఇంధనం ఎంత చల్లబడిందో పైలట్లు చూసుకుంటూ ఉంటారు. మరీ చల్లబడుతుంటే కిందకి దిగుతారు, లేదా వేగం పెంచుతారు. వేగం పెంచితే గాలి రాపిడికి రెక్క కొంచెం వెచ్చబడుతుంది. చలికి చేతులు రుద్దుకున్నట్టే.

వీటన్నిటికంటే పెద్ద మాయ గాలిది. ముప్పై, నలభై వేల అడుగుల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి గాలి నదిలా ప్రవహిస్తుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. శీతాకాలంలో గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే. మన కృష్ణలో పడవ ఏటివాలున పోవడం, ఎదురీదడం ఎలాగో ఇదీ అలాగే. 2020 ఫిబ్రవరిలో ఒక తుపాను గాలి పుణ్యమా అని న్యూయార్క్ నుంచి లండన్‌కి ఒక జంబో జెట్ 4 గంటల 56 నిమిషాల్లో వచ్చింది. మామూలుగా ఆ ప్రయాణం ఆరు గంటల పైమాటే.

ఈ గాలి లెక్కలో నాకు అన్నిటికంటే నచ్చే ఉదాహరణ 2016 అక్టోబర్‌లో ఎయిరిండియా చేసిన మార్పు. అంతవరకు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో విమానం పడమరగా, అట్లాంటిక్ మీదుగా వెళ్ళేది. సుమారు 13,900 కిలోమీటర్లు. దాన్ని తూర్పుకి తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. ఆ దారి సుమారు 15,300 కిలోమీటర్లు, 1,400 ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లోనే, అంతకుముందు కంటే ఇంచుమించు రెండు గంటలు ముందే చేరింది. వెనక నుంచి గాలి తోసింది. దూరం పెరిగి కాలం తగ్గడం అంటే ఇదీ. చుట్టుదారే దగ్గరి దారి అని పెద్దవాళ్ళు అంటే ఏమో అనుకునేవాళ్ళం.

నిజానికి మన పెద్దవాళ్ళు దూరాన్ని మైళ్ళలో కొలిచేవారు కారు. "ఎంత దూరం తాతా?" అంటే "ఓ చుట్ట కాల్చినంత దూరం" అనేవారు. పొద్దున సద్దికట్టుకుని బయల్దేరితే పొద్దువాలే వేళకి చేరతావు అనేవారు. మా ఆపరేషన్స్ గదిలోనూ అంతే, కిలోమీటర్లు ఎవరికీ పట్టవు. గంటలూ నిమిషాలూ, టన్నుల ఇంధనం. తాత చుట్టతో కొలిచాడు, మేము కిరసనాయిలుతో కొలిచాం. విమానాల్లో పోసేది కిరసనాయిలు జాతిదే.

ఆ ఇంధనం సంగతి ఒక్క మాట. ఎక్కువ దూరం పోవాలంటే ఎక్కువ ఇంధనం మోయాలి. మోసే ఇంధనంలో మంచి భాగం, ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఇప్పుడు ఆగకుండా పోయే ఎయిర్‌బస్ ఏ350లో, అదే దాదాపు 15,350 కిలోమీటర్ల దారి, 161 సీట్లే ఉన్నాయి. ఎకానమీ సీటు ఒక్కటీ లేదు. అదే రకం మామూలు విమానాల్లో మూడు వందల మంది పడతారు. మనుషుల్ని తగ్గించి ఇంధనం పోసుకుని పోవడమే దాని కిటుకు. ఆస్ట్రేలియా వాళ్ళు సిడ్నీ నుంచి లండన్‌కి, 17,000 కిలోమీటర్లు, ఒక్క ఊపున ఎగరాలని ఏళ్ళ తరబడి సిద్ధమవుతున్నారు. ఇరవై గంటలు కుర్చీలో! 1947లో అదే సంస్థ అదే దారిలో మొదటిసారి వెళ్ళినప్పుడు డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో దిగుతూ లేస్తూ నాలుగు రోజులు పట్టింది.

మన దేశం సంగతీ అంతే. 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కి మన మొదటి విమానం, మలబార్ ప్రిన్సెస్, కైరో, జెనీవాల్లో ఆగి వెళ్ళింది. 1960లో బోయింగ్ 707లు వచ్చాక ఎయిరిండియా లండన్ మీదుగా న్యూయార్క్ దాకా వెళ్ళింది. ఇక్కడ మీరు గమనించవలసింది ఒకటుంది. 1960 నాటి 707 వేగానికీ ఈ రోజు విమానం వేగానికీ దాదాపు తేడా లేదు. అరవై ఏళ్ళలో కార్లు మారాయి, ఫోన్లు మారాయి, విమానం వేగం మాత్రం అక్కడే ఉండిపోయింది. కాంకర్డ్ ధ్వనికి రెండింతల వేగంతో ఎగిరింది, కానీ ఒక్కసారి ఇంధనం పోస్తే ఏడు వేల కిలోమీటర్లు పోవడమే గగనం, 2003లో అదీ ఆగిపోయింది. పెరిగింది వేగం కాదు, దిగకుండా పోగలిగే దూరం. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకి నలుగురు మహిళా పైలట్లు, జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్షా సోనావనే, శివానీ మన్హాస్, ధ్రువం మీదుగా 777ని ఆగకుండా తెచ్చారు. దాదాపు 14,000 కిలోమీటర్లు, సుమారు 17 గంటలు. 9వ తేదీ రాత్రి ఎక్కిన వాళ్ళు 11వ తేదీ తెల్లవారుజామున దిగారు.

ఈ తేదీల గొడవతో ఇళ్ళల్లో ఎన్ని తగాదాలో! బెంగుళూరులో మధ్యాహ్నం రెండున్నరకి ఎక్కి పదహారు గంటలు ఎగిరితే, చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే రోజు సాయంత్రం ఐదుకి దిగుతారు. టికెట్ చూసిన మా బావగారు "రెండున్నర గంటలేనా, మన విజయవాడ పినాకిని నయం కాదు" అన్నారు. తిరుగు ప్రయాణంలో పోయిన రోజు కనబడక ఆయనే కంగారుపడ్డారు. వాళ్ళకీ మనకీ చలికాలంలో పదమూడున్నర గంటలు, ఎండాకాలంలో పన్నెండున్నర గంటలు తేడా. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంకొకటి, దేశాల మధ్య తగాదాలు. ఆకాశానికి కంచెలు లేవని కవులు అంటారు. మా గదిలో గోడ నిండా కంచెలే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన ఆకాశాన్ని పాశ్చాత్య సంస్థలకి మూసేసింది. ఫిన్లాండ్ వాళ్ళకి హెల్సింకి నుంచి టోక్యో తొమ్మిది, తొమ్మిదిన్నర గంటల ప్రయాణం పదమూడు గంటలయ్యింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన సంస్థలకి మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు యూరప్‌లో దిగి ఇంధనం నింపుకోవలసి వచ్చింది. ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, మధ్య దూరం మారిపోయింది.

సరే. ఇంతవరకు చెప్పింది విమానాల సంగతి. ఇప్పుడు మీరు అడిగే అసలు ప్రశ్నకి వస్తాను. మీరు ఎంత సేపు పడుతుందని అడిగేది సెలవులకి వచ్చే పిల్లల గురించి కాదు. ఆ ఫోన్ నాకు రాత్రి రెండింటికో తెల్లవారుజామునో వస్తుంది. ఇంట్లో ఎవరో పోయి ఉంటారు. వరండాలో ఐసు పెట్టె వచ్చి ఉంటుంది. బంధువులు చుట్టూ చేరి "ఆపాలా, కానిచ్చేయాలా" అంటూ ఉంటారు. పురోహితుడు కూడా ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తుంటాడు. వాళ్ళకి కావలసింది ఒక్క అంకె.

ఆ అంకె ఎలా వస్తుందో చెబుతాను. ఎండాకాలం, బుధవారం తెల్లవారుజామున ఐదింటికి ఇక్కడ కబురు అనుకోండి. అక్కడ మంగళవారం సాయంత్రం నాలుగున్నర. అబ్బాయి శాన్‌హోజేలో ఆఫీసులో ఉన్నాడు. పాస్‌పోర్ట్ ఇంట్లో ఉంది. టికెట్ దొరికింది, రాత్రి తొమ్మిది గంటల విమానం అందుకున్నాడు అనుకుందాం. మనకి అది బుధవారం ఉదయం తొమ్మిదిన్నర. గల్ఫ్ దాకా పదిహేనున్నర గంటలు. అక్కడ నాలుగు గంటలు ఆగాలి. అక్కణ్ణించి శంషాబాద్‌కి మూడుంపావు. గురువారం ఉదయం ఎనిమిదింపావుకి దిగుతాడు. ఇమిగ్రేషన్, సామాను ఒక గంట. అక్కణ్ణించి మన ఊరికి సూర్యాపేట దగ్గర టీ కూడా తాగకుండా వచ్చినా, ఇరుకు రోడ్లతో కలిపి ఆరు గంటలు. గురువారం మధ్యాహ్నం మూడుంపావు, మూడున్నర. కబురు తెలిసిన దగ్గర్నించి ముప్పైనాలుగున్నర గంటలు. ఇది అన్నీ కలిసొస్తే. ఆ రాత్రి విమానం అందకపోతే దీనికి ఇరవైనాలుగు కలపండి.

ఆ ముప్పైనాలుగున్నరలో ఆకాశంలో గడిచేది పందొమ్మిది గంటల లోపే. మిగతా పదిహేను గంటల పైచిలుకు నేల మీద పోతాయి. ఆకాశంలో గంటలు ఎవరూ తగ్గించలేరు, వేగం అరవై ఏళ్ళుగా అంతే అని చెప్పాను కదా. తగ్గితే నేల మీదవే తగ్గాలి. మీ పిల్లలతో ఫోన్లో మాట్లాడేటప్పుడు "ఏం తిన్నావు" అని అడిగాక ఇవి కూడా అడగండి. పాస్‌పోర్ట్ గడువు ఎప్పటిదాకా ఉంది? అమెరికా పౌరులైన మనవళ్ళకి ఓసీఐ కార్డు ఉందా, లేక అప్పటికప్పుడు వీసా పెట్టుకోవాలా? ముఖ్యంగా, హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు చెల్లుతుందా? అక్కడ ఉండటానికి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, స్టాంపు గడువు తీరిపోయి ఉంటే, ఇక్కడికి వచ్చినవాడు కాన్సులేట్‌లో మళ్ళీ వేయించుకోకుండా తిరిగి వెళ్ళలేడు. ఆ అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో తెలియక, ఉద్యోగం పోతుందేమోనని, రావలసినవాళ్ళు రాకుండా ఉండిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. వాళ్ళని ఊళ్ళో తలా ఒక మాట అంటారు. అనకండి. వాళ్ళకీ మనకీ మధ్య ఉన్నది పదమూడు వేల కిలోమీటర్లు కాదు, ఒక స్టాంపు. అది విమానం కంటే నెమ్మదిగా నడుస్తుంది.

మన బ్యాచ్ మిత్రుడొకడు, ఈ హాల్లోనే ఉన్నాడు, చెప్పమని తనే అన్నాడు కాబట్టి చెబుతున్నాను. వాళ్ళమ్మగారు మనందరికీ అట్లు వేసి పెట్టిన మనిషి. ఆవిడ పోయిన రాత్రి వీడు నాకు ఫోన్ చేశాడు. వాళ్ళ తమ్ముడు, మన బడి వాడే, కాలిఫోర్నియాలో ఉన్నాడు. "ఎప్పటికి రాగలడు చెప్పు, ఆపుతాం" అన్నాడు. నేను చూశాను. ఆ రోజు విమానాలు అప్పటికే వెళ్ళిపోయాయి. మర్నాటి దాంట్లో సీటు దొరికినా శుక్రవారం అవుతుంది. యాభై ఎనిమిది గంటలు అని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత వాళ్ళావిడ ఫోన్ తీసుకుంది. "అన్నయ్యగారూ, అత్తయ్య నాకు సంక్రాంతికే చెప్పింది. చిన్నాడి కోసం నన్ను పెట్టెలో పెట్టొద్దు, వాడు వచ్చి కృష్ణలో కలిపితే చాలు అంది. ఈయనకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది" అంది.

ఆ సాయంత్రమే కార్యక్రమం చేశారు. తమ్ముడు మూడో రోజు వచ్చాడు, అస్థులు తనే తీసుకెళ్ళాడు. వాళ్ళిద్దరి మధ్య ఈ విషయం మీద మాట పట్టింపు రాలేదు, ఎందుకంటే ఆ నిర్ణయం వాళ్ళు చేసింది కాదు, అమ్మ చేసింది.

ఇది జరిగాక నేనూ మా ఆవిడా మా అమ్మాయితో మాట్లాడాం. తను సియాటిల్‌లో ఉంటుంది. మొదట ఫోన్ పెట్టేసింది. రెండు రోజులకి తనే చేసి, "నాన్నా, లెక్క చెప్పు" అంది. డిస్పాచర్ కూతురు కదా. చెప్పాను. ఒక పగలు, ఒక రాత్రి ఆపమంది. మా ఆవిడ ఒప్పుకోలేదు. చీకటి పడేలోపల అంతే అంది. నేను ఇంకా ఏమీ తేల్చలేదు. ఆ చర్చ మా ఇంట్లో నడుస్తూనే ఉంది, ఆదివారం ఆదివారం కాస్త ముందుకి జరుగుతోంది. మన వయసువాళ్ళు ఈ మాట తీస్తే పిల్లలు "అపశకునం మాటలు మాట్లాడకు" అంటారు. మా గదిలో ప్రతి ప్రయాణానికీ, ఎంత మంచి రోజైనా, ఇంజన్ ఆగిపోతే ఎక్కడ దిగాలో ముందే రాసుకునేవాళ్ళం. అలా రాసిన వేల కాగితాల్లో అవసరపడినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. రాసినందుకు ఏ విమానమూ పడిపోలేదు.

ఇంకో రెండు నిమిషాలు ఇవ్వండి, కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. సంఘానికి ఒక విన్నపం ఉంది. హైదరాబాద్‌లో మన పూర్వ విద్యార్థులు చాలామంది ఉన్నారు. అలాంటి కబురు మీద పరుగెత్తుకొచ్చే పిల్లల్ని శంషాబాద్‌లో ఎదురెళ్ళి తీసుకుని, కారు ఎక్కించి, కాస్త టిఫిన్ తినిపించి పంపే మనుషులు నలుగురైదుగురు ముందుకొస్తే బాగుంటుంది. రెండు రాత్రులు నిద్ర లేకుండా దిగినవాడు తెలియని డ్రైవరుతో ఆరు గంటలు ఒంటరిగా కూర్చోవడం కష్టం. నిన్న భోజనాల దగ్గర 1988 బ్యాచ్ కుర్రాళ్ళు ఇద్దరు, కుర్రాళ్ళంటే యాభై దాటినవాళ్ళే, మేము చేస్తామన్నారు. ఇంకా ఎవరైనా ఉంటే టీ దగ్గర వాళ్ళని కలవండి.

నా ఫోన్ నంబరు కార్యదర్శి గారి దగ్గర ఉంది. లెక్క కావలసినప్పుడు అర్ధరాత్రి అయినా చేయండి. ముప్పై ఏళ్ళు నాది రాత్రి డ్యూటీయే, ఇప్పటికీ ఆ వేళకి మెలకువ వస్తుంది.